ఫొటో ఎక్కడ ఆగిపోతోంది? ఎడిటింగ్ కోసం ల్యాప్‌టాప్, డిస్కులు కొనే ముందు

ల్యాప్‌టాప్ ప్రకటన ఏది తీసుకున్నా మొదటి వరుసలో ప్రాసెసర్ పేరే ఉంటుంది. తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఆ తర్వాత ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు డేటా ఉండే తాత్కాలిక చోటు), ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు). స్క్రీన్ గురించి మహా అయితే ‘ఫుల్ హెచ్‌డీ’ అన్న ఒక్క మాట. బయట తగిలించే డిస్కు ఊసే ఉండదు. అది ఎప్పుడో చివర్లో, మిగిలిన డబ్బుతో, చేతికందింది కొనేసే వస్తువు. ఫొటోలు ఎడిట్ చేయడానికి కొనేవాళ్లు ఈ వరుసని దాదాపు తలకిందులుగా చదవాలని నా గట్టి నమ్మకం. ప్రాసెసర్ కొంచెం నెమ్మదైతే పని కాస్త ఆలస్యమవుతుంది, అంతే. స్క్రీన్ అబద్ధం చెబితే పనే తప్పుతుంది. డిస్కు చెడిపోతే చేసిన పని కూడా మిగలదు.

ఏ భాగానికి ఎంత విలువివ్వాలో తేలాలంటే ఒక ఫొటో వెంట నడిచి చూడటం మంచిది. అది కెమెరా కార్డులోంచి బయల్దేరి ల్యాప్‌టాప్‌లోకి రావాలి, తెర మీద తెరుచుకోవాలి, మార్పులు చేయించుకోవాలి, పదేళ్ల తర్వాత వెతికినా దొరికేలా ఎక్కడో ఒకచోట భద్రంగా చేరాలి. ఆ దారిలో మీ ఫొటో ఎక్కడ ఆగిపోతోందో అక్కడే డబ్బు పెట్టాలి.

ఒక్క ఫొటో బరువెంత?

24 మెగాపిక్సెళ్ల కెమెరా అనుకుందాం. ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు. కెమెరా సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే రా ఫైల్‌లో పిక్సెల్‌కి 14 బిట్ల చొప్పున రాస్తే 42 ఎంబీ అవుతుంది. నాణ్యత తగ్గకుండా కుదించి రాసే పద్ధతి కెమెరాలో ఉంటే, దృశ్యాన్ని బట్టి ఇంచుమించు 25 నుంచి 30 ఎంబీకి దిగుతుంది. ఇది డిస్కు మీద లెక్క.

ఫొటోషాప్‌లో తెరిచాక లెక్క మారిపోతుంది. రా ఫైల్‌లో ఒక్కో పిక్సెల్ దగ్గర ఒక్క రంగు సమాచారమే ఉంటుంది. తెరిచిన ఫొటోలో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కావాలి. 16 బిట్లలో పనిచేస్తే ఒక్కో రంగుకి 2 బైట్లు, అంటే పిక్సెల్‌కి 6 బైట్లు, ఫొటో మొత్తానికి 144 ఎంబీ. అదీ ఒక్క లేయర్‌కే, అంటే మార్పుల కోసం ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల్లో ఒక్కదానికే. నిండు లేయర్లు పది పేరిస్తే 1.4 జీబీ దాటుతుంది. 45 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే ఒక్క లేయరే 270 ఎంబీ, పది లేయర్లకి 2.7 జీబీ. చేసిన మార్పుని వెనక్కి తీసుకునే వీలు కోసం ఫొటోషాప్ దాచుకునే పాత దశలు వీటికి అదనం.

ఐబీఎం 1956లో తెచ్చిన ర్యామాక్ కంప్యూటర్‌లోని తొలి హార్డ్‌డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నిట్లో కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మనం వేలితో ఒక్కసారి నొక్కితే పుట్టే రా ఫైల్ ఆ యంత్రంలో ఇమడదు. ఇంత బరువుని రోజూ వేలసార్లు అటూ ఇటూ కదిలిస్తున్నామన్న సంగతి గుర్తుంటే మిగతా లెక్కలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ర్యామ్: తర్వాత చూద్దాం అనుకోకూడని చోటు

ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, ఫొటోలను సర్ది ఎడిట్ చేసే లైట్‌రూమ్, ఫొటోషాప్ అన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి. 8 జీబీ ర్యామ్‌లో వీటన్నిటికీ చోటు చాలదు. చాలనప్పుడు కంప్యూటర్ ఆగిపోదు. ర్యామ్‌లో పట్టనిదాన్ని ఎస్‌ఎస్‌డీ మీద రాసి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఫొటోషాప్ దీనికోసం ‘స్క్రాచ్ డిస్క్’ అని విడిగా చోటు వాడుకుంటుంది. ఎంత వేగమైన ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్ వేగానికి దరిదాపుల్లోకి రాదు. బ్రష్ గీసిన అర క్షణానికి గీత కనపడటం, జూమ్ చేస్తే ఫొటో మసగ్గా వచ్చి తర్వాత తేరుకోవడం లాంటివి చూసి చాలామంది ప్రాసెసర్‌ని తిట్టుకుంటారు. చాలాసార్లు ఇబ్బంది ర్యామ్‌లోనే ఉంటుంది.

16 జీబీ కనీసం అనుకోండి. 40 మెగాపిక్సెళ్లు దాటిన కెమెరా ఉన్నా, పనోరమాలు కలిపే అలవాటున్నా, లేయర్లు ఎక్కువగా వాడినా 32 జీబీకి వెళ్లండి. ల్యాప్‌టాప్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుందని లెక్కలో వేసుకోండి.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒకప్పుడు ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి ర్యామ్ ముక్క మార్చుకునేవాళ్లం. ఇప్పుడు సన్నటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డు మీదే సోల్డర్ చేసేస్తున్నారు. యాపిల్ ఎం వరస చిప్పులున్న మ్యాక్‌బుక్‌లలో అది చిప్ ప్యాకేజీలోనే భాగం. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరసలోనూ అంతే, 16 లేదా 32 జీబీ, ఆపైన పెంచే దారి లేదు. కాబట్టి ‘ర్యామ్ ఎంత’ అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. స్లాట్ ఉందా, ఉంటే ఖాళీగా ఉందా, ఎంతవరకు తీసుకుంటుంది అని అడగండి. స్లాట్ లేని మోడల్ అయితే నాలుగైదేళ్ల తర్వాత కావలసినంత ర్యామ్ ఇవాళే కొనుక్కోవాలి.

ప్రాసెసర్, గ్రాఫిక్స్

దీని మీద ఎక్కువసేపు నిలబడను. గత రెండు మూడు తరాల్లో వచ్చిన మధ్యస్థాయి ప్రాసెసర్ ఏదైనా ఫొటోలకు సరిపోతుంది. స్లైడర్ జరపడం, బ్రష్ గీయడం లాంటి పనులు ఒక్కో కోర్ వేగం మీద ఆధారపడతాయి. వందల ఫొటోలను ఒకేసారి జేపెగ్‌లుగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మాత్రం కోర్ల సంఖ్య అక్కరకొస్తుంది. పేరు చూసి మోసపోకుండా ఉండాల్సింది ఒక్కచోట: ఒకే ప్రాసెసర్ సన్నటి ల్యాప్‌టాప్‌లో ఒకలా, కాస్త మందంగా ఉండి ఫ్యాన్లు బాగా ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇంకోలా నడుస్తుంది. మొదటి రెండు నిమిషాలు రెండూ సమానంగా పరిగెడతాయి. ఆ తర్వాత వేడెక్కిన సన్నటిది వేగం తగ్గించుకుంటుంది. అందుకే రెండు నిమిషాల్లో ముగిసే పరీక్షల అంకెల కంటే, అరగంటపాటు ఎక్స్‌పోర్ట్ చేయించి చూసిన రివ్యూ ఎక్కువ నిజం చెబుతుంది.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో 2023కి ముందు ఒక మాట, తర్వాత ఒక మాట చెప్పాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో అడోబీ తన లైట్‌రూమ్‌లోకి ఏఐతో నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గించే డీనాయిస్‌ను తెచ్చింది. ఈ పని బరువంతా గ్రాఫిక్స్ చిప్ మీదే పడుతుంది. మంచి విడి కార్డు మీద సెకన్లలో అయిపోయే ఫొటో, బలహీనమైన ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ మీద నిమిషాలు తీసుకుంటుంది. రాత్రిపూట వేడుకలు, ఇండోర్ ఆటలు, పక్షులు తీసేవాళ్లు ఎక్కువ ఐఎస్‌ఓలో, అంటే నాయిస్ ఎక్కువొచ్చే సెట్టింగ్‌లో, వందల ఫొటోలు తీస్తారు. వాళ్లకు విడి కార్డు ఖర్చు వృథా కాదు, అందులో 8 జీబీ మెమొరీ ఉంటే మేలు. పగటి వెలుగులో ప్రకృతిని, మనుషుల్ని తీసేవాళ్లు అది లేకుండానే హాయిగా పనిచేసుకోవచ్చు. కార్డు కొనేటప్పుడు కూడా పేరొక్కటే చాలదు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డునే తీసుకుంటే, తయారీదారు ఇష్టాన్ని బట్టి దానికి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కరెంటు ఇవ్వవచ్చు. పేరు అదే, నడక వేరు.

విండోస్‌లో ఏఆర్‌ఎమ్ (ఫోన్లలో వాడే రకం) ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ మీద మనసు పడితే, మీరు వాడే ప్లగిన్లు, ప్రింటర్ డ్రైవర్, తెరని సరిచేసే పరికరం తాలూకు సాఫ్ట్‌వేర్ దాని మీద పనిచేస్తాయో లేదో కొనకముందే చూసుకోండి.

తెర చెప్పే అబద్ధం

నా మొదటి ల్యాప్‌టాప్ తెర చూడటానికి బాగానే ఉండేది. దాని మీద రెండేళ్లపాటు ఎడిట్ చేసిన ఫొటోలను ఒకసారి ప్రింటు వేయించాను. ముఖాలన్నీ ఇటుక రంగులో ఉన్నాయి. తెర ఎరుపుని సరిగా చూపించలేక వెలవెలబోతుంటే, ఆ లోటు ఫొటోలో ఉందనుకుని నేను ఎరుపు పెంచుతూ పోయాను. రా ఫైళ్లు ఉన్నాయి కాబట్టి అన్నిటినీ మళ్లీ మొదటినుంచి చేశాను. ఆ నెలల శ్రమ గుర్తుకొచ్చినప్పుడల్లా, కొనేవాళ్లకి మొదట చెప్పాల్సింది తెర గురించే అనిపిస్తుంది.

తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పడానికి కొన్ని కొలబద్దలున్నాయి. ఎస్‌ఆర్‌జీబీ అన్నది హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో రూపొందించిన కొలబద్ద. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోల్లో అత్యధికం ఇందులోనే ఉంటాయి. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ దానికంటే విశాలం, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలిపచ్చల వైపు. మంచి ప్రింటర్లు ఆ రంగుల్లో కొన్నిటిని కాగితం మీద తేగలవు. సినిమా రంగం నుంచి వచ్చిన పీ3 ఈమధ్య ఖరీదైన ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో మామూలైంది. ఇవి కాక, ల్యాప్‌టాప్ వివరాల్లో తరచూ ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఒక మాట కనిపిస్తుంది. దాన్ని చూడగానే ఆగిపోండి. ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953 నాటి కలర్ టీవీ కొలబద్ద. దానిలో దాదాపు 72 శాతం విస్తీర్ణం ఉంటే అది ఎస్‌ఆర్‌జీబీ అంత అవుతుంది. కాబట్టి 45 శాతం అంటే ఎస్‌ఆర్‌జీబీలో ఇంచుమించు 62 శాతం మాత్రమే. అలాంటి తెర మీద ఎర్ర గులాబీ, నారింజ రంగు సాయంత్రం, చర్మపు ఛాయలు ఉన్నవి ఉన్నట్టు కనిపించే ప్రశ్నే లేదు. వేల ఖర్చుతో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఇలాంటి తెర బిగించిన గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. ఫొటోల వరకు అది నేల విడిచి సాము చేయడమే.

వెబ్‌కీ, ఫోన్లలో చూసేవాళ్లకీ ఫొటోలు చేసేవాళ్లకి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ చాలు. అది తప్పనిసరి కూడా. ఆర్ట్ ప్రింట్లు వేసేవాళ్లు అడోబీ ఆర్‌జీబీ వైపు చూడొచ్చు. విశాలమైన పీ3 తెర తీసుకుంటే ఒక జాగ్రత్త: ఫొటో ఏ కొలబద్దలో ఉందో చెప్పే రంగుల ప్రొఫైల్‌ని పట్టించుకోని ప్రోగ్రాముల్లో అదే ఫొటో అవసరానికి మించి గాఢంగా కనిపిస్తుంది. తెరను ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కి మార్చుకునే వీలుంటే ఆ తికమక తప్పుతుంది.

ఇక వెలుతురు. 300 నిట్లకు (నిట్ అంటే తెర వెలుగు కొలత) తక్కువ ఉన్న తెర పగలు కిటికీ పక్కన కూర్చుంటే చాలదు. అలాగని తెర ఇవ్వగల వెలుగంతా వాడుకుని ఎడిట్ చేస్తే ఇంకో తప్పు జరుగుతుంది: ఫొటో తెర మీద కాంతిమంతంగా కనపడుతుంది, మనం దాన్ని తగ్గిస్తాం, ప్రింటు చీకటిగా వస్తుంది. ప్రింటు కోసం పనిచేసేటప్పుడు తెరని 80 నుంచి 120 నిట్ల మధ్య ఉంచి, గదిలో వెలుతురు కూడా రోజూ ఒకేలా ఉండేట్టు చూసుకోవాలి. రాత్రిళ్లు తెరను పసుపుగా మార్చే నైట్ లైట్, గది వెలుతురుని బట్టి రంగు మార్చే ట్రూ టోన్, తనంతట తానే వెలుగు సర్దుకునే ఆటో బ్రైట్‌నెస్, ఇవన్నీ ఎడిట్ చేసే వేళ ఆపేయండి. కంటికి హాయినిచ్చేవే, కానీ రంగు విషయంలో మీకూ ఫొటోకీ మధ్య అడ్డొస్తాయి.

ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరలు అందంగా ఉంటాయన్నది నిజం. నలుపు నిజంగా నలుపే. అయితే వెలుగు బాగా తగ్గించినప్పుడు వాటిలో చాలావరకు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, కంటికి తెలియనంత వేగంగా. కొందరికి దీనివల్ల కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. గంటల తరబడి కదలకుండా ఉండే టూల్‌బార్ల మచ్చ ఏళ్లు గడిచేకొద్దీ తెర మీద మిగిలిపోయే ప్రమాదం కూడా ఉంది. రోజుకి ఎనిమిది గంటలు ఎడిట్ చేసేవాళ్లకి నేనైతే ఏ వైపు నుంచి చూసినా రంగు పెద్దగా మారని మంచి ఐపీఎస్ తెరే చెబుతాను. పక్కనుంచి చూస్తే రంగు మారిపోయే టీఎన్ తెర మాత్రం ఎవరికీ వద్దు.

రిజల్యూషన్ గురించి ఒక్క లెక్క: ఫుల్ హెచ్‌డీ తెరలో ఉండేవి 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లే. 24 మెగాపిక్సెళ్ల ఫొటోని నిండుగా చూపిస్తే పన్నెండింట ఒక వంతు పిక్సెళ్లు మాత్రమే కనిపిస్తున్నట్టు. ఫోకస్ కుదిరిందో లేదో చూడాలంటే మాటిమాటికీ జూమ్ చేయాల్సిందే. 2560 పిక్సెళ్ల వెడల్పున్న తెరలో ఈ బాధ బాగా తగ్గుతుంది. 16:10 ఆకారం ఉంటే టూల్‌బార్లు పోనూ ఫొటోకి ఇంకాస్త చోటు మిగులుతుంది.

ఎంత మంచి తెరైనా కాలం గడిచేకొద్దీ రంగు జరుగుతుంది. తెర మీద ఆనించి రంగులు కొలిచి సరిచేసే కలరీమీటర్ ఒకటి కొనుక్కుంటే, లేదా తోటి ఫొటోగ్రాఫర్లతో కలిసి ఒకటి పంచుకుంటే, నెలకో రెండు నెలలకో ఒకసారి తెరని సరిచేసుకోవచ్చు. ఎప్పుడూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లకి ఇంకో దారి ఉంది: ల్యాప్‌టాప్ తెర మీద పెట్టే డబ్బు తగ్గించి, మంచి బయటి మానిటర్ తీసుకోవడం. ల్యాప్‌టాప్ మారినా మానిటర్ ఉంటుంది.

కార్డు నుంచి డిస్కు దాకా

రెండు వేల ఫొటోలు, ఒక్కోటి 30 ఎంబీ, మొత్తం 60 జీబీ. యూఎస్‌బీ 2.0 కార్డు రీడర్ సెకనుకి 40 ఎంబీ ఇస్తే ఇవి దిగడానికి 25 నిమిషాలు పడుతుంది. యూహెచ్‌ఎస్ అన్నది ఎస్‌డీ కార్డుల వేగపు రకం. యూహెచ్‌ఎస్-1 కార్డు గరిష్ఠ వేగం 104 ఎంబీ, అంటే దాదాపు పది నిమిషాలు. యూహెచ్‌ఎస్-2 గరిష్ఠం 312 ఎంబీ. ఆచరణలో 250 వచ్చినా నాలుగే నిమిషాలు. కానీ కార్డు, రీడర్ రెండూ యూహెచ్‌ఎస్-2 అయితేనే. ల్యాప్‌టాప్‌కి కార్డు స్లాట్ ఉందని చూసి సంతోషపడకుండా అది ఏ రకమో కూడా చూడండి. నెమ్మది రకమైతే విడిగా రీడర్ కొనుక్కోవడం పెద్ద ఖర్చేమీ కాదు.

లోపలి ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఉండాలంటాను. 512 జీబీలో సిస్టమ్, ప్రోగ్రాములు, లైట్‌రూమ్ క్యాటలాగ్ (ఫొటోల జాబితా, చేసిన ఎడిట్లు ఉండే ఫైల్), ప్రివ్యూలు (తెర మీద చూపడానికి చేసుకునే నకళ్లు) పోగా మిగిలేది కొద్దిగానే. పైగా ఎస్‌ఎస్‌డీ నిండేకొద్దీ నెమ్మదిస్తుంది కాబట్టి 15, 20 శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. సెకనుకి 3500 ఎంబీ చదివే ఎస్‌ఎస్‌డీకీ 7000 ఎంబీ చదివేదానికీ ఫొటో పనిలో తేడా కంటికి ఆనదు. ఆ డబ్బుని వేగం మీద కాక చోటు మీద పెట్టండి. రెండో ఎస్‌ఎస్‌డీకి స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్ దొరికితే అదృష్టమే.

యూఎస్‌బీ పేర్ల చిక్కుముడి

బయటి డిస్కు కొనబోయేవాళ్లని ఇంతగా తికమకపెట్టేది మరొకటి లేదు, కాబట్టి నెమ్మదిగా విప్పుదాం.

2008లో యూఎస్‌బీ 3.0 వచ్చింది, వేగం సెకనుకి 5 గిగాబిట్లు. తర్వాత దానికే 3.1 జెన్ 1 అని పేరు మార్చారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడు పేర్లు, వస్తువు ఒక్కటే. 2013లో 10 గిగాబిట్లది 3.1 జెన్ 2గా వచ్చి, తర్వాత 3.2 జెన్ 2 అయింది. 2017లో 20 గిగాబిట్లతో 3.2 జెన్ 2x2 వచ్చింది. 2019లో వచ్చిన యూఎస్‌బీ4 అయితే 20 గానీ 40 గానీ కావచ్చు. టైప్-సీ ఆకారంలోనే వచ్చే థండర్‌బోల్ట్ పోర్టుల్లో 3, 4 రెండూ 40 గిగాబిట్లవి. కాబట్టి పెట్టె మీద ‘యూఎస్‌బీ 3.2’ అని మాత్రమే రాసి ఉంటే అది 5 కావచ్చు, 10 కావచ్చు, 20 కావచ్చు. పేరుని వదిలేసి గిగాబిట్ల అంకె కోసం వెతకండి.

ఆ అంకె బిట్లలో ఉంటుంది, మనం ఫొటోలు లెక్కపెట్టుకునేది బైట్లలో. అన్ని ఖర్చులూ పోగా 5 గిగాబిట్ల దారిలో సెకనుకి 400 నుంచి 450 ఎంబీ, 10 గిగాబిట్ల దారిలో 1000 ఎంబీ దాకా వస్తాయని గుర్తుంచుకుంటే చాలు. టైప్-సీ అన్నది పోర్టు ఆకారం పేరు మాత్రమే, వేగానికి దానితో సంబంధం లేదు. ఫోన్ చార్జింగ్ కోసం వచ్చిన సీ కేబుళ్లలో చాలావరకు డేటా విషయంలో యూఎస్‌బీ 2.0వే, అంటే 480 మెగాబిట్లు. కొత్త ఎస్‌ఎస్‌డీ నత్తనడక నడుస్తుంటే ముందు కేబుల్ మార్చి చూడండి. డిస్కుతో వచ్చిన కేబుల్‌కి ఒక చీటీ కట్టి విడిగా దాచుకోవడం మంచి అలవాటు.

జెన్ 2x2 విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. డిస్కు 20 గిగాబిట్లది అయినా ల్యాప్‌టాప్ పోర్టు సరిగ్గా ఆ రకాన్ని ఒప్పుకోకపోతే 10కి దిగిపోతుంది. 40 గిగాబిట్ల థండర్‌బోల్ట్ పోర్టులున్న మ్యాక్‌బుక్‌లలో కూడా ఇదే జరుగుతుంది. ఫొటోల వరకు 10 గిగాబిట్ల ఎస్‌ఎస్‌డీ అన్నిటితోనూ కలిసిపోయే నమ్మకమైన ఎంపిక. అంతకు మించిన వేగం వీడియో ఎడిట్ చేసేవాళ్లకి అవసరపడుతుంది.

చవక ఎస్‌ఎస్‌డీల మీద రాసిన వేగం మొదటి కొన్ని పదుల జీబీలకే వర్తించవచ్చు. ప్రతి మెమొరీ కణంలో నాలుగు బిట్లు ఇరికించే క్యూఎల్‌సీ రకంలో, ముందున్న వేగపు చోటు నిండిపోయాక రాసే వేగం హార్డ్‌డిస్క్ స్థాయికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. రోజూ 20 జీబీ దించుకునేవాళ్లకి ఇది తెలియనే తెలియదు. ఒక్క రాత్రిలో 300 జీబీ కాపీ చేయాల్సినవాళ్లకి బాగా తెలుస్తుంది.

మూడు పనులు, ఒకే డిస్కు కాదు

బయటి డిస్కు అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి: ఇప్పుడు ఎడిట్ చేస్తున్న ఫొటోలు పెట్టుకోవడం, ముగిసిన పనిని దాచడం, పోయినప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి నకలు ఉంచడం. ఈ మూడిటినీ ఒకే డిస్కుతో చేయాలని చూసినప్పుడే కథ బెడిసికొడుతుంది.

మొదటి పనికి ఎస్‌ఎస్‌డీ కావాలి. 1 లేదా 2 టీబీ, 10 గిగాబిట్లది. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లు క్యాటలాగ్‌నీ ప్రివ్యూలనీ ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీలో ఉంచి, రా ఫైళ్లని మాత్రం బయట పెట్టుకోవచ్చు. వేగం ఎక్కువగా కావలసింది క్యాటలాగ్‌కే. చిన్న చిన్న చదువులూ రాతలూ వేలల్లో జరిగేది అక్కడే. స్మార్ట్ ప్రివ్యూలు తయారు చేసుకుంటే, పొడవు వైపు 2560 పిక్సెళ్లుండే ఆ చిన్న నకళ్ల మీద, డిస్కు తగిలించకుండానే ప్రయాణంలో ఎడిట్ చేసుకోవచ్చు. డిస్కు మళ్లీ తగిలించగానే మార్పులు అసలు ఫొటోలకి అంటుకుంటాయి.

రెండో పనికి ఇప్పటికీ హార్డ్‌డిస్కే సరైనది. అదే డబ్బుకి ఎన్నో రెట్లు చోటు ఇస్తుంది. సెకనుకి 100 నుంచి 140 ఎంబీ వేగం దాచడానికి సరిపోతుంది. అరచేతిలో పట్టే హార్డ్‌డిస్కుల్లో చాలావాటిలో ట్రాకుల్ని ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా రాసే ఎస్‌ఎంఆర్ పద్ధతి ఉంటుంది. పాత ఫైళ్లని చెరిపి మళ్లీ మళ్లీ రాస్తుంటే అవి బాగా నెమ్మదిస్తాయి. ఒకసారి రాసి దాచుకునేవాళ్లకి దానివల్ల ఇబ్బంది లేదు. తిరుగుతున్న హార్డ్‌డిస్కుని కదపకండి, దెబ్బ తగలనివ్వకండి. ఇక ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేసి నమ్ముకోవడం మంచిది కాదు. కణాల్లో నిలిచిన విద్యుదావేశం మెల్లగా జారిపోతూ ఉంటుంది. హార్డ్‌డిస్కులనైనా కొన్ని నెలలకోసారి తగిలించి తిప్పుతుండాలి.

ఫార్మాట్ (డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి) విషయం చిన్నదే కానీ జనం తరచూ బోల్తాపడే చోటు. విండోస్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌కి ఏపీఎఫ్‌ఎస్. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుని చదువుతుంది గానీ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా దాని మీద రాయలేదు. రెండిట్లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్ ఉంది. కానీ దానికి జర్నలింగ్ లేదు, అంటే రాస్తుండగా కేబుల్ ఊడితే కోలుకునే శక్తి తక్కువ. ఎప్పుడూ ఒకే సిస్టమ్‌తో వాడే డిస్కుకి ఆ సిస్టమ్ సొంత ఫార్మాటే పెట్టండి. అన్నట్టు, 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తే కంగారు పడొద్దు. తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా అది.

ఇక మూడో పని, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చాలామంది వినే ఉంటారు: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఇందులో జనం వదిలేసేది చివరి అంకె. నా మిత్రుడొకరు ల్యాప్‌టాప్, బ్యాకప్ డిస్కు రెండూ ఒకే సంచిలో పెట్టుకుని ప్రయాణం చేశారు. సంచి పోయింది. కాపీలు రెండున్నాయి, చోటు మాత్రం ఒక్కటే. వాళ్ల పాప మొదటి మూడేళ్ల ఫొటోల్లో ఇప్పుడు మిగిలినవి బంధువులకి ఫోన్లో పంపినవి మాత్రమే. రెండో డిస్కు నమ్మకమైనవాళ్ల ఇంట్లో గానీ క్లౌడ్‌లో గానీ ఉండి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

బ్యాకప్‌లా కనిపించి బ్యాకప్ కానివి కొన్ని ఉన్నాయి. రెండు డిస్కులకి ఒకేసారి రాసే రెయిడ్ ఒక డిస్కు చెడినప్పుడు కాపాడుతుంది. మీరు పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండిట్లోనూ అదే క్షణంలో చెరుపుతుంది. క్లౌడ్ సింక్ కూడా అంతే, చెరిపిన సంగతిని అన్ని చోట్లకీ నమ్మకంగా మోసుకెళ్తుంది. పాత దశలకి వెనక్కి వెళ్లే వీలున్నదే బ్యాకప్. ఎప్పుడూ ల్యాప్‌టాప్‌కే తగిలించి ఉండే డిస్కుని ఫైళ్లకి తాళం వేసే వైరస్ కూడా చేరుకోగలదు, కాబట్టి పని కాగానే తీసి పక్కన పెట్టండి.

ఇంకో సంగతి చాలామందికి చేతులు కాలాక గానీ తెలియడం లేదు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో మీరు చేసిన ఎడిట్లు ఫొటోలో ఉండవు, క్యాటలాగ్‌లో ఉంటాయి. రా ఫైళ్లన్నీ మూడు చోట్ల కాపీ చేసి క్యాటలాగ్‌ని వదిలేస్తే, ఫొటోలు తిరిగొస్తాయి, ఏళ్ల పని తిరిగిరాదు. పైగా లైట్‌రూమ్ క్లాసిక్ తనంతట తాను తీసే క్యాటలాగ్ బ్యాకప్ కూడా, మీరు మార్చకపోతే, అసలు క్యాటలాగ్ పక్కనే అదే డిస్కులో కూర్చుంటుంది. బ్యాకప్ అడిగే పెట్టెలో దాని చోటుని బయటి డిస్కుకి మార్చండి, రెండు నిమిషాల పని.

డిస్కులు చేతికొచ్చాక

పేరు వినని అమ్మకందారు 16 టీబీ జేబు ఎస్‌ఎస్‌డీని నమ్మలేనంత చవగ్గా ఇస్తున్నాడంటే అది పైన పటారం, లోన లొటారం. లోపల చిన్న మెమొరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కి పెద్ద అంకె చెప్పేలా మార్చి ఉంటారు. అసలు సామర్థ్యం దాటాక రాసిన ఫొటోలు ఎక్కడికీ చేరవు, తప్పు సందేశం కూడా రాదు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు డిస్కుని నిండా రాసి, తిరిగి చదివి నిజం చెబుతాయి. పేరున్న డిస్కు అయినా సరే మొదటిరోజు ఈ పరీక్ష చేయడం నా అలవాటు, తయారీలోనే లోపం ఉంటే మార్చుకునే గడువు ముగియకముందే బయటపడుతుంది.

కెమెరా కార్డుని రెండు కాపీలు అయ్యాకే ఫార్మాట్ చేయండి. డిస్కులకి తాళం వేసే బిట్‌లాకర్, ఫైల్‌వాల్ట్ వాడితే రికవరీ కీని కాగితం మీద రాసి వేరేచోట దాచండి. 4 టీబీ హార్డ్‌డిస్క్ మొత్తాన్ని సెకనుకి 120 ఎంబీ చొప్పున తిరిగి తెచ్చుకోవడానికి 9 గంటల పైనే పడుతుంది. గడువు నెత్తిమీద ఉన్న పని ఏదైనా ఉంటే ఆ ఫోల్డర్‌ని ముందు తెచ్చుకునేలా సంవత్సరం, తేదీల వారీగా పేర్లు పెట్టుకోండి. ఆర్నెల్లకోసారి బ్యాకప్ డిస్కు ఒక్కటే తగిలించి, అందులోంచి పాత ఫోల్డర్ ఒకటి ఎంచుకుని, పది రా ఫైళ్లు నిజంగా తెరిచి చూడండి. క్యాటలాగ్ నకలు కూడా తెరవండి. ఏ ఒక్కటి తెరుచుకోకపోయినా అసలు డిస్కు నుంచి ఆ రోజే కొత్త కాపీ తీయండి.